చివరి మడికి నీళ్లందనప్పుడు

మా పెద్దబాపు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా చేశాడు. మిర్చి సీజన్‌లో కాంటా నడుస్తుంటే తూకం వేసే దడ్వాయి బరువులు చెప్పుకుంటూ పోయేవాడు, పెద్దబాపు పెన్ను ఎత్తకుండా రాసుకుంటూ పోయేవాడు. చివరి బస్తా కాంటా దిగేసరికి రైతు చేతికి ఎంత వస్తుందో నోటితోనే చెప్పేసేవాడు. తూకంలో తరుగు పోను, క్వింటాల్ రేటు కట్టి, అందులోంచి హమాలీ, దడ్వాయి కూలి, కమీషన్, రైతు ముందే వాడుకున్న పైసలు తీసేసి మరీ. దుకాణంలో క్యాలిక్యులేటర్ ఉండేది. అది సేటు తృప్తి కోసం.

మూడేళ్ల కింద ఉగాదికి ముందు మా తమ్ముడు తక్‌పట్టీ, అంటే పంట అమ్మాక అడ్తి దుకాణంలో ఇచ్చే లెక్క చీటీ తెచ్చి, లెక్క సరిగ్గా ఉందో లేదో ఒకసారి చూడు పెద్దబాపూ అన్నాడు. పన్నెండు బస్తాల తేజ మిర్చి. పెద్దబాపు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. "రేటు మంచిగనే పడ్డది. నిరుడు ఈ దినాలల్ల గింత లేకుండె" అన్నాడు. నిజమే, లేదు. ఆయనకు అంతా గుర్తుంది. కానీ ముందు ఏది కట్టాలి, తర్వాత ఏది తీసేయాలి అన్న వరుస చేతికి దొరకడం లేదు. హమాలీ రెండుసార్లు తీసేశాడు. కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాడు. మూడోసారి కాగితం మడిచి అంగీ జేబులో పెట్టుకుని, "కండ్లు ఆనుతలేవు బిడ్డా" అన్నాడు. అద్దాలు పెట్టుకునే ఉన్నాడు.

అప్పటికే నడక మారింది. కాలెత్తి వేయకుండా చెప్పులు నేలకు రాసుకుంటూ నడిచేవాడు. వెనక్కి తిరగాలంటే నాలుగైదు చిన్న అడుగులు పడేవి. ఇంట్లో మేం నడకను మోకాళ్ల నొప్పుల ఖాతాలో రాశాం, లెక్క తప్పడాన్ని యాదిమరుపు ఖాతాలో రాశాం. రెండూ ఒకే ఖాతావని ఎంఆర్‌ఐ తీసేదాకా తెలియలేదు. రిపోర్టులో ఒక వాక్యం ఉంది: క్రానిక్ స్మాల్ వెస్సెల్ ఇస్కీమిక్ చేంజెస్, ఫజేకాస్ గ్రేడ్ 2. అంటే ఏంటని అడిగితే ఒకచోట "వయసుతో వచ్చేదే, ఏం లేదు" అన్నారు. ఇంకోచోట "నరాలు వీకైనయి" అని బలం గోలీలు రాశారు. రెండూ నమ్మబుద్ధి కాలేదు. మెదడులోని సన్న రక్తనాళాలు పాడైతే బుద్ధి, నడక ఎలా తప్పుతాయో అప్పటి నుంచి చదివి, అడిగి తెలుసుకున్నదే ఇదంతా.

నరమా, నాళమా

చిక్కు మన మాటలోనే మొదలవుతుంది. మనం రెండింటినీ నరం అనే అంటాం. చేతి మీద పచ్చగా ఉబ్బి కనిపించేది నరం, నర్సమ్మ సూది గుచ్చేది నరానికి, తిమ్మిరెక్కితే పట్టేసిందనేదీ నరమే. మెదడులో రక్తస్రావమైతే "నరం చిట్లింది" అంటాం. అక్కడ చిట్లింది రక్తనాళం. అది గొట్టం, రక్తాన్ని మోస్తుంది. అసలు నరం తీగ లాంటిది, సంకేతాన్ని మోస్తుంది. గొట్టం పాడైతే అది తడపాల్సిన తీగ ఎండుతుంది. ఈ తేడా తెలియకనే బీపీ గోలీలు బంద్ చేసి, నరాల బలానికని బీ కాంప్లెక్స్ మింగేవాళ్లు ప్రతి వాడకట్టులో కనిపిస్తారు.

రెండో చిక్కు డిమెన్షియా అనే మాటతో. అది జ్వరం లాంటి మాట. జ్వరం మలేరియాతో రావచ్చు, టైఫాయిడ్‌తో రావచ్చు. యాది, మాట, తోవ గుర్తుపట్టడం, పనిని ఒక వరుసలో చేయడం, ఇలాంటి వాటిలో కొన్ని దెబ్బతిని మనిషి తన పనులు తాను చేసుకోలేని స్థితికి వస్తే డిమెన్షియా అంటారు. కారణాలు చాలా ఉన్నాయి. అందరికీ పేరు తెలిసింది అల్జీమర్స్. దాని తర్వాతి పెద్ద కారణం మెదడు రక్తనాళాలు దెబ్బతినడం, దీనికే వాస్క్యులర్ డిమెన్షియా అని పేరు. మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని దేశంలోని పెద్దవయసువాళ్ల మీద చేసిన లాసీ-డాడ్ అధ్యయనం 2023లో అంచనా వేసింది. అందులో నాళాల వాటా ఎంత అని గీత గీసి చెప్పడం కష్టం. ఎందుకో కొంచెం ఆగి చెప్తాను.

చెరువు, తూము, మడి

మెదడుకు రక్తం ఎలా అందుతుందో పాకాల కిందో, రామప్ప కిందో వ్యవసాయం చేసినవాళ్లకు సగం తెలిసినట్టే. చెరువు తూము నుంచి పెద్ద కాలువ, దాన్నుంచి పిల్లకాలువలు, వాటి నుంచి మడి మడికీ గండి.

మెదడు కిలోన్నర కూడా తూగదు. ఒంటి బరువులో 2 శాతం. ఒళ్లంతా వాడే ఆక్సిజన్‌లో 20 శాతం మాత్రం దానికే కావాలి. నిమిషానికి ముప్పావు లీటరు దాకా రక్తం పోవాలి. దాచుకోవడానికి దానికి గుమ్మి లేదు, వచ్చింది వచ్చినట్టు వాడుకోవాల్సిందే. సరఫరా పూర్తిగా ఆగితే పది సెకన్ల లోపు స్పృహ పోతుంది, కొద్ది నిమిషాల్లోనే కణాలు చావడం మొదలవుతుంది.

మెడలోంచి నాలుగు పెద్ద నాళాలు పైకి ఎక్కుతాయి. ముందు వైపు రెండు కెరోటిడ్‌లు, వెనక రెండు వర్టెబ్రల్‌లు. మెదడు అడుగున ఇవి ఒక వలయంగా కలుస్తాయి. ఒక పక్క తగ్గితే ఇంకో పక్క నుంచి వచ్చి సర్దుకునే వీలుంటుంది, కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లాగే. ఇక్కడిదాకా బందోబస్తు బాగానే ఉంది. తిప్పలంతా దీని తర్వాత.

ఈ పెద్ద నాళాల నుంచి దారమంత సన్నటి కొమ్మలు నేరుగా మెదడు లోతుల్లోకి దిగుతాయి. పెద్ద కాలువకు నేరుగా ఒక సన్న పైపు పెడితే కాలువ తోపుడంతా ఆ పైపు మీద పడుతుంది కదా. మామూలు చోట్ల రక్తనాళం కొమ్మలు కొమ్మలుగా చీలుతూ పోతుంది కాబట్టి ఒత్తిడి మెల్లమెల్లగా తగ్గుతుంది. ఇక్కడ ఆ మధ్య మెట్లు లేవు. బీపీ ఎక్కువున్న మనిషిలో ఈ సన్న నాళాలు రోజుకు లక్ష సార్లు, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ దెబ్బ తింటాయి. తట్టుకోవడానికి గోడ మందమవుతుంది. సాగే గుణం పోయి, ఎండకు పడేసిన రబ్బరు పైపులా బిరుసెక్కుతుంది. లోపలి దారి ఇరుకవుతుంది. షుగర్, పొగాకు ఇదే పనిని తమ దారిలో చేస్తాయి.

ఈ నాళాలు పోయి చేరేది మెదడు నడుమ ఉన్న తెల్ల పదార్థంలోకి. పైపొర బూడిద రంగులో ఉంటుంది, ఆలోచించే కణాలు ఎక్కువగా ఉండేది అక్కడ. ఒక చోటి కణం ఇంకో చోటి కణంతో మాట్లాడుకునే తీగల కట్టలన్నీ మాత్రం తెల్ల పదార్థంలోంచే పోతాయి. ఆ తీగల మీది కొవ్వు తొడుగు వల్లనే దానికి ఆ తెలుపు. నీళ్ల లెక్కలో ఇది చివరి ఆయకట్టు. పైనుంచి దిగే నాళాలూ కింది నుంచి ఎక్కే నాళాలూ ఇక్కడికి వచ్చి ముగుస్తాయి, పక్క నాళంతో కలిసేది తక్కువ. చెరువు నిండా నీళ్లున్నా పిల్లకాలువ పూడితే ఎండేది చివరి మడి. తూము పక్కన పొలమున్న రైతుకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. మా పెద్దబాపు మాట, నవ్వు, మనుషులను గుర్తుపట్టడం ఎప్పటిలాగే ఉండి లెక్క మాత్రం తెగిపోవడం నాకు ఈ పోలికతోనే అర్థమైంది.

నీరటి సంగతి కూడా చెప్పాలి. ఏ మడికి ఎప్పుడు ఎంత నీళ్లు వదలాలో చూసుకునేవాడు నీరటి. మెదడులోనూ ఆ పని చేసే ఏర్పాటు ఉంది. మీరు ఇది చదువుతున్నప్పుడు చూపు, భాష చూసుకునే భాగాలకు రక్తం ఎక్కువగా పారుతుంది. పనిలో ఉన్న కణం కబురు పెడితే, నాళం గోడలోని కండరం సడలి దారి వెడల్పవుతుంది. సన్న నాళాలను చుట్టుకుని ఉండే పెరిసైట్‌లు అనే కణాలు ఇందులో సాయం పడతాయి. బిరుసెక్కిన నాళం సడలలేదు. ఊరికే కూర్చుంటే సరిపోయే రక్తం, బుర్ర పెట్టాల్సిన పని పడ్డప్పుడు చాలదు.

నాళం గోడకు ఇంకో పని కూడా ఉంది, కాపలా. రక్తంలో ఉన్నవన్నీ మెదడులోకి పోనివ్వదు. గోడ పాడైతే చెరువు కట్ట కింద జాలు పట్టినట్టు రక్తంలోని ప్రోటీన్లు మెదడులోకి ఊరుతాయి, వాపు తెస్తాయి. మెదడు తన చెత్తను బయటికి పంపుకునే దారుల్లో ఒకటి ఈ నాళాల వెంబడి ఉన్న సందులే. ఆ చెత్తలో అల్జీమర్స్ పేరుతో వినిపించే అమిలాయిడ్ అనే ప్రోటీన్ కూడా ఉంటుంది. ఇది యాదిలో పెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

చెప్పి వచ్చేది, చెప్పకుండా వచ్చేది

పెద్ద నాళం మూసుకుపోతే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. మూతి వంకర పోతుంది, చెయ్యి పడిపోతుంది, మాట ముద్దగా వస్తుంది. పెద్ద నాళం మూసుకుపోయిన పక్షవాతంలో నిమిషానికి 19 లక్షల న్యూరాన్లు (మెదడు కణాలు) చనిపోతాయని 2006లో లెక్కగట్టారు. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలు. ఏటూరునాగారం నుంచి వరంగల్‌కు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం, అందులో పసరు మందు కోసం ఆగిన గంట తిరిగి రాదు.

ఇదంతా చాలామంది విన్నదే. పక్షవాతం తర్వాత వచ్చే దాన్ని గురించే మాట్లాడేవాళ్లు తక్కువ. మొదటి పక్షవాతం తర్వాత పది మందిలో ఒకరికి కొత్తగా డిమెన్షియా వస్తుంది. మళ్లీ వస్తే ముగ్గురిలో ఒకరికి మించి వస్తుంది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఎన్నో అధ్యయనాలను కలిపి 2009లో తేల్చిన లెక్క ఇది. చెయ్యి లేస్తోందా, నాలుగు అడుగులు వేస్తున్నాడా అని చుట్టాలందరూ అడుగుతారు. కరెంటు బిల్లు తనే కట్టుకుంటున్నాడా అని ఎవరూ అడగరు.

ఇక చెప్పకుండా వచ్చేది. సన్న నాళం ఒకటి మూసుకుపోతే అది తడిపే కొద్ది చోటు చచ్చిపోయి చిన్న గుంట మిగులుతుంది. మూడు మిల్లీమీటర్ల నుంచి పదిహేను మిల్లీమీటర్ల దాకా ఉండే ఈ గుంటలను లాక్యూన్‌లు అంటారు. లాటిన్‌లో ఆ మాటకు అర్థం కూడా గుంట, కుంట అనే. చెయ్యి పడిపోదు, మూతి వంకర పోదు. ఒక పూట తల తిరిగినట్టుంది అనుకుని మర్చిపోతారు, చాలాసార్లు అదీ ఉండదు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 60 నుంచి 90 ఏళ్ల వయసున్న వెయ్యి మందికి పైగా మనుషులకు ఎంఆర్‌ఐ తీసి, కొన్నేళ్లు కనిపెట్టి చూశారు. పైకి ఏ లక్షణమూ లేకుండా ఇలాంటి మచ్చలున్నవాళ్లకు డిమెన్షియా ముప్పు రెట్టింపు కన్నా ఎక్కువని 2003లో తేలింది.

గుంటలు ఎన్ని అన్నదాంతో పాటు ఎక్కడ అన్నది కూడా లెక్కే. మెదడు నడుమ థలామస్ అనే జంక్షన్ ఉంటుంది. కాజీపేట స్టేషన్ అనుకోండి, ఎటు పోయే బండైనా దాని మీదుగా పోవాల్సిందే. అక్కడ పెసరగింజంత గుంట పడినా మనిషి ఒక్కరాత్రిలో మారిపోవచ్చు. వేరే చోట అంతకు పదింతల మచ్చ పడినా ఏమీ కాకపోవచ్చు.

ముందు పోయేది ఏది

అల్జీమర్స్‌లో మామూలుగా ముందు దెబ్బతినేది కొత్త సంగతులను నమోదు చేసుకునే చోటు. పొద్దున చుట్టాలొచ్చి పోయారన్నది మధ్యాహ్నానికి ఉండదు. గుర్తు చేసినా రాదు, లోపల రాసుకుంటేనే కదా. చిన్న నాళాల జబ్బులో రాసుకోవడం జరుగుతుంది, పుస్తకం తీసి పేజీ తిప్పడం ఆలస్యమవుతుంది. కొంచెం అందిస్తే వచ్చేస్తుంది. "పోయిన ఆదివారం ఎవరొచ్చిండ్రు?" అంటే పెద్దబాపు గోడకేసి చూస్తాడు. "హుజూరాబాద్ నుంచి" అని అందించగానే "మా బామ్మర్ది. కోడిని తెచ్చిండు" అంటాడు.

ముందు పోయేది వేగం, దాని తర్వాత వరుస. మెదడు ముందు భాగానికి లోతుల్లోని భాగాలతో ఉన్న తీగలు దెబ్బతినడం వల్ల పనిని మెట్లుగా విడగొట్టుకోవడం, ఒక మెట్టు నుంచి ఇంకోదానికి మారడం కష్టమవుతుంది. బతుకమ్మ పాటలు ఒక్క చరణం పొల్లుపోకుండా పాడే అవ్వ, తాంబాలం ముందు కూర్చుని తంగేడు తర్వాత గునుగు ఎప్పుడు పెట్టాలో తేల్చుకోలేక ఆగిపోతుంది. ఇంట్లోవాళ్లు "పాటలన్నీ యాదున్నయి, ఆమెకేం కాలే" అంటారు. పాటలను చూసి మోసపోవద్దంటాను.

వీటితో పాటు వచ్చే మూడింటిని ఇళ్లలో ఎవరూ మెదడుతో కలపరు. ఒకటి నడక, పైన చెప్పాను. రెండోది మూత్రం ఆపుకోలేకపోవడం, దాన్ని ప్రోస్టేట్ మీదికో షుగర్ మీదికో తోసేస్తారు. ఆ కారణాలూ ఉండొచ్చు కాబట్టి చూపించుకోవాలి, కానీ అక్కడితో ఆగకూడదు. మూడోది దేని మీదా మనసు పడకపోవడం. టీవీ ముందు కూర్చుంటాడు, ఛానల్ మార్చడు. ఏడవడు, బాధపడడు, ఊరికే ఉంటాడు. దీన్ని సోమరితనమనో మొండితనమనో తిట్టిన ఇళ్లలో మాదీ ఒకటి. కొందరిలో దీనికి తిరగబడి, చిన్న మాటకే కళ్లనీళ్లు, ఆపుకోలేని నవ్వు వస్తాయి.

పెద్ద పక్షవాతాల వల్ల వచ్చే డిమెన్షియా మెట్లు దిగినట్టు దిగుతుంది: ఒక దెబ్బ, కొన్నాళ్లు నిలకడ, మళ్లీ ఒక దెబ్బ. సన్న నాళాల రకం అలా ఉండదు, చెరువులో పూడిక చేరినట్టు ఏ రోజుకా రోజు తెలియకుండా పోతుంది. డాక్టర్లు గడియారం బొమ్మ గీసి 11 గంటల 10 నిమిషాలు చూపించమంటారు. పది నిమిషాలంటే ముల్లును రెండు మీద పెట్టాలి. వరుస తెగినవాళ్లు పది అంకె మీద పెడతారు. అయితే బడి ముఖం చూడని మనిషికి పెన్సిల్ ఇచ్చి గడియారం గీయమని, రాలేదు కాబట్టి డిమెన్షియా అనడం అన్యాయం. వాళ్లను అడగాల్సింది సంతకు పోయి ఐదు వస్తువులు తెచ్చి, చిల్లర సరిచూసుకోగలుగుతున్నారా అని.

రిపోర్టులోని ఆ వాక్యం

ఇప్పుడు ఫజేకాస్ సంగతి. ఎంఆర్‌ఐలో తెల్ల పదార్థం మీద కనిపించే మెరుపు మచ్చలకు సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేసే పద్ధతి అది. 1987 నుంచి వాడుకలో ఉంది, కనిపెట్టిన డాక్టరు పేరే దానికి పెట్టారు. గ్రేడ్ 1 అంటే అక్కడక్కడా చుక్కలు, అరవై దాటిన చాలామందిలో ఉంటాయి. గ్రేడ్ 2 అంటే చుక్కలు కలవడం మొదలైంది. గ్రేడ్ 3 అంటే పెద్ద పెద్ద మరకలుగా కలిసిపోయాయి.

"వయసుతో వచ్చేదే" అనడంలో నిజం ఉంది, సగం. తల నెరవడం కూడా వయసుతో వచ్చేదే, దాంతో నడక ఆగిపోదు కదా. గ్రేడ్ 1 చూసి హడలిపోనక్కర్లేదు. గ్రేడ్ 2, 3 కనిపించినప్పుడు బీపీ ఎంతుంది, షుగర్ ఎంతుంది, గుండె లయ ఎలా ఉంది అని ఆ రోజే చూసుకోవాలి. తిరకాసు ఏంటంటే మచ్చలు కనిపించాయి కాబట్టి మతిమరుపుకు కారణం అవేనని కూడా తీర్మానించకూడదు. బీ12 లోపం, థైరాయిడ్ తగ్గడం, మనోవ్యాకులత, రోజూ వేసుకునే నిద్రగోలీలు, ఎప్పుడో కిందపడ్డప్పుడు పుర్రె కింద చేరిన రక్తం, మెదడు గదుల్లో నీరు చేరడం, ఇవన్నీ ఇలాగే కనిపిస్తాయి. వీటిలో చాలావాటికి మందో ఆపరేషనో ఉంది. నెమ్మది నడక, ఆగని మూత్రం, మందగించిన ఆలోచన మూడూ కలిసి ఉంటే మెదడులో నీరు చేరిందేమో అని ప్రత్యేకంగా చూడాలి.

ఎవరి వాటా ఎంత

1906లో అలోయిస్ అల్జీమర్ అనే జర్మన్ డాక్టరు ఒకామె మెదడులో తాను చూసిన ముద్దలు (పేరుకున్న అమిలాయిడే), ముడుల గురించి చెప్పాడు. ఆమె యాభైల్లోనే చనిపోయింది. అందుకే 1910లో ఆ జబ్బుకు అల్జీమర్ పేరు పెట్టినప్పుడు అది నడివయసులో వచ్చే అరుదైన జబ్బు అనుకున్నారు. ముసలివాళ్లకు వచ్చే మతిమరుపుకు కారణం నాళాలు గట్టిపడటమేనని 1960ల దాకా డాక్టర్ల నమ్మకం. తర్వాత ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో చనిపోయిన ముసలివాళ్ల మెదళ్లు కోసి చూస్తే వాటిలోనూ అవే ముద్దలు దొరికాయి. 1974లో హచిన్‌స్కీ అనే న్యూరాలజిస్టు, ఆయన సహచరులు, నాళాలు గట్టిపడినంత మాత్రాన సరిపోదు, మెదడులో చచ్చిన చోట్లు పడితేనే డిమెన్షియా వస్తుందన్నారు. దాంతో మొగ్గు పూర్తిగా అల్జీమర్స్ వైపు తిరిగింది, నాళాల మాట వెనకబడింది.

మొగ్గు కొంత మళ్లీ వెనక్కి రావడానికి కారణం అమెరికాలోని క్రైస్తవ సన్యాసినులు. చనిపోయాక తమ మెదళ్లను పరిశోధనకు ఇస్తామని వాళ్లు రాసిచ్చారు. 1997లో 102 మంది మెదళ్ల ఫలితాలు వచ్చాయి. కొందరి మెదడులో అల్జీమర్స్ ముద్దలు దండిగా ఉన్నా బతికున్నప్పుడు బుద్ధి బాగానే పనిచేసింది. అవే ముద్దలతో పాటు లోతుల్లో ఒకటి రెండు లాక్యూన్‌లు కూడా ఉన్నవాళ్లకు డిమెన్షియా చాలా ఎక్కువగా కనిపించింది. ముద్దలను ఒంటరిగా తట్టుకున్న మెదడు, పక్కన చిన్న గుంట పడేసరికి తట్టుకోలేకపోయింది.

వాటా లెక్క ఎందుకు తెగదో ఇప్పుడు చెప్పొచ్చు. పైబడిన వయసులో చనిపోయినవాళ్ల మెదళ్లు చూస్తే రెండూ కలిసి ఉండటమే మామూలు. పైన చెప్పిన చెత్త సందులు గుర్తున్నాయా? నాళం పాడైతే అమిలాయిడ్ బయటికి పోవడం మందగిస్తుంది. ఆ అమిలాయిడ్ నాళం గోడలోనే పేరుకుని దాన్ని పెళుసు చేస్తుంది, చిన్న చిన్న రక్తస్రావాలవుతాయి. అమిలాయిడ్‌ను తీసేసే కొత్త ఇంజెక్షన్లను మెదడులో ఇలాంటి రక్తపు చుక్కలు ఎక్కువున్నవాళ్లకు ఇవ్వడానికి డాక్టర్లు వెనకాడేది అందుకే. "మా నాయినకు అల్జీమర్సా, వాస్క్యులరా" అని పట్టుబట్టి అడగడంలో నాకు పెద్ద ప్రయోజనం కనిపించదు. నాళాల వాటా ఎంతున్నా, మన చేతిలో ఉన్నది ఆ వాటానే.

యాభై ఏళ్లప్పటి బీపీ

పెద్దబాపుకు 48 ఏళ్లప్పుడు మార్కెట్‌లో పెట్టిన ఉచిత క్యాంపులో పైబీపీ 160 చూపించింది. మూడు నెలలు గోలీలు వేసుకున్నాడు, తర్వాత 130 వచ్చింది. "నార్మల్ అయింది" అని బంద్ చేశాడు. నార్మల్ అయింది గోలీల వల్లనే అని ఎవరూ చెప్పలేదు, లేక చెప్పినా వినలేదు. పద్నాలుగేళ్లు మళ్లీ చూపించుకోలేదు. రోజుకో కట్ట బీడీలు అదనం.

లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగులను దశాబ్దాల పాటు గమనించిన వైట్‌హాల్ అధ్యయనం నుంచి 2018లో ఒక లెక్క వచ్చింది. 50 ఏళ్ల వయసులో పైబీపీ 130 లేదా అంతకు మించి ఉన్నవాళ్లకు, తర్వాత డిమెన్షియా ముప్పు 38 శాతం ఎక్కువ. 60, 70 ఏళ్లప్పుడు కొలిచిన బీపీతో అంత సంబంధం కనిపించలేదు. మనం బీపీ మిషన్ కొనేది నాయినకు డెబ్బై నిండినప్పుడు. చూసుకోవాల్సింది కొనిచ్చే కొడుకు.

తగ్గిస్తే ఏమైనా మారుతుందా అన్నదానికి అమెరికాలో 9,361 మంది మీద పరీక్ష జరిగింది. సగం మందికి పైబీపీని 120 లోపు, మిగతా సగానికి 140 లోపు ఉంచారు. 2019లో వచ్చిన ఫలితం: డిమెన్షియాకు ముందు మెట్టు అనదగ్గ మందగింపు 120 గుంపులో 19 శాతం తగ్గింది. పూర్తి డిమెన్షియా కూడా కొంత తగ్గింది కానీ, గట్టిగా చెప్పగలిగినంత కాదు. షుగర్ ఉన్నవాళ్లను, పక్షవాతం వచ్చినవాళ్లను అందులో తీసుకోలేదు కాబట్టి ఆ 120ని అందరికీ అంటగట్టలేం. డెబ్బై, ఎనభై దాటినవాళ్లలో బీపీ మరీ దిగితే లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మి పడిపోతారు. చివరి మడికి అందేది ఇంకా తగ్గుతుంది. కూర్చున్నప్పుడు, నిలబడ్డప్పుడు రెండుసార్లు కొలవమని అడగండి.

మనకు ఇంకా దగ్గరగా అనిపించేది చైనా పల్లెల్లో జరిగిన ప్రయోగం. 326 ఊళ్లు, దాదాపు 34 వేల మంది. పెద్ద డాక్టర్లు కాదు, ఊళ్లో ఉండే వైద్య కార్యకర్తలే బీపీ కొలిచి, మందులు సర్ది, వాడుతున్నారో లేదో చూశారు. నాలుగేళ్లలో డిమెన్షియా 15 శాతం తగ్గిందని 2025లో ప్రకటించారు. మన ఊళ్లలో ఆశా వర్కర్ ఇల్లిల్లూ తిరిగి బీపీ, షుగర్ చూస్తూనే ఉంది. ఆమె రాసుకునే రిజిస్టరు మెదడు కోసం కూడా అని ఆమెకే ఎవరైనా చెప్పారో లేదో.

మిగతావి తెలిసినవే, తొందరగా చెప్పేస్తాను. షుగర్, కొలెస్ట్రాల్, బీడీ, జర్దా. గుండె లయ తప్పడం ఒకటి: నాడి తడబడుతూ కొట్టుకుంటే ఈసీజీ తీయించాలి, గుండెలో కట్టిన గడ్డ మెదడుకు ఎక్కే ప్రమాదం దాంట్లో ఉంది. ఉప్పు రోజుకు ఐదు గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, మన దేశంలో సగటున ఎనిమిది దాకా తింటున్నాం. మామిడికాయ తొక్కు, వడియాలు, చల్ల మిరపకాయలు ఉన్న ఇంట్లో అంతకన్నా తక్కువని నేననుకోను. వినికిడి తగ్గితే మిషన్ పెట్టించడం కూడా ఈ జాబితాలోదే. ఇలాంటి 14 కారణాలను జీవితకాలం పొడవునా సరిచూసుకుంటే డిమెన్షియాలో దాదాపు 45 శాతాన్ని ఆపడమో వాయిదా వేయడమో కుదురుతుందని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024లో రాసింది. పోయిన తెల్ల పదార్థాన్ని తిరిగి తెచ్చే గోలీ మాత్రం లేదు. అల్జీమర్స్‌కు వాడే డోనెపెజిల్ లాంటివి కొందరికి కొద్దిగా పనిచేస్తాయి, అంతే.

మన దగ్గర తేలిన ఒక సంగతి కూడా ఉంది. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో చెప్పింది: రెండు భాషలు మాట్లాడేవాళ్లకు ఒకే భాష వాళ్ల కన్నా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా జబ్బు బయటపడింది. బడికి పోనివాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది. 2016లో పక్షవాతం వచ్చిన 608 మందిని చూస్తే, రెండు భాషల వాళ్లలో 40.5 శాతం మందికి బుద్ధి మామూలుగా నిలిచింది, ఒకే భాష వాళ్లలో 19.6 శాతానికే. మార్కెట్‌లో రైతుతో తెలుగు, హమాలీలతో ఉర్దూ, సేటుతో హిందీ మాట్లాడిన పెద్దబాపు కూడా ఆ లెక్కన కొంత కూడబెట్టుకునే ఉంటాడు. లేకుంటే ఆయన తక్‌పట్టీ ఇంకా ముందే తెగేదేమో.

ఆయనకిప్పుడు డెబ్బై ఒకటి. రెండేళ్లుగా బీపీ 130 దాటలేదు, గోలీల డబ్బా మా పెద్దమ్మ దగ్గర ఉంటుంది. బీడీలు మానేశాడంటాడు, వాసన వేరే చెప్తుంది. నడక అలాగే ఉంది, అంతకన్నా చెడలేదు. మొన్న తమ్ముడు మళ్లీ మిర్చి అమ్మి వచ్చినప్పుడు నేను కాగితం మీద మెట్లు ఒకదాని కింద ఒకటి రాశాను, ఒక్కోటి అడిగాను. తరుగు పోను నాలుగు క్వింటాళ్ల ఎనభై ఆరు కిలోలు, రేటు పద్నాలుగు వేల ఐదు వందలు, ఎంత పెద్దబాపూ? నేను ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచేలోపే "డెబ్బై వేల నాలుగు వందల డెబ్బై" అన్నాడు. తర్వాత ఏం చేయాలన్నట్టు నా ముఖంలోకి చూశాడు. హమాలీ, అన్నాను.